ముందుగాల ఆగాలె

ఈసారి సంచికకు ఏం రాస్తావని క్లబ్ గ్రూపులో అడిగితే "పాత బుల్లెట్ గురించి" అన్నాను. ఒక సీనియర్ అక్క నవ్వే ఎమోజీ పెట్టింది. ఇంకొకరు "తెలుగు పత్రికలో కార్బ్యురేటర్ ఏంటి తమ్ముడూ" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. అలాంటివాడు తెలుగులో రాయడమే వింత, అందులోనూ బండి గురించి రాయడం ఇంకో వింత. కానీ పోయిన ఏడాదంతా నేను ఎక్కువ తెలుగు విన్నది మేడ్చల్‌లో ఒక మెకానిక్ షెడ్డు ముందు, ఆయిల్ మరకలున్న స్టూలు మీద కూర్చునే. ఈ వ్యాసం అక్కడే పుట్టింది.

చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. పాత టూరింగ్ బండి కొని "ట్యూన్" చేయించుకునే మన వయసువాళ్లలో చాలామందిమి డబ్బుని తలకిందుల వరసలో ఖర్చుపెడుతున్నాం. ముందు సౌండ్, తర్వాత లైట్లు, తర్వాత స్టిక్కర్లు, చివరికి ఏమైనా మిగిలితే బ్రేకులు. నేనూ అలాగే చేశాను. దానికి ఎక్కువ మూల్యం చెల్లించింది నేను కాదు, నా ఫ్రెండ్. అందుకే ఇది రాస్తున్నాను.

బండి ఎలా వచ్చింది

మా ఇల్లు మేడ్చల్‌లో. పది నిమిషాలు నడిస్తే 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,700 కిలోమీటర్లు ఉండే రోడ్డు అది. అదే రోడ్డు మా ఊరి బస్సులకీ, కూరగాయల ఆటోలకీ కూడా దారి. తూర్పు వైపు వెళ్తే శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సిద్దిపేటకీ కరీంనగర్‌కీ తీసుకెళ్తుంది. ఇలా రెండు పెద్ద రోడ్ల మధ్య పెరిగినవాడికి బండి పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట వైపు వెళ్లి చూడండి. సిటీ నుంచి గుంపులు గుంపులుగా బండ్లు వస్తుంటాయి. జాకెట్లు, గ్లోవులు, వెనక సీటుకి కట్టిన బ్యాగులు. పదో తరగతి నుంచి అవి చూస్తూ నేనూ ఒకరోజు అలా వెళ్తానని అనుకునేవాణ్ణి.

కొత్త బండి మాట ఇంట్లో ఎత్తే పరిస్థితి లేదు. డాడీ మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. ఈఎంఐ అనే మాట వింటేనే ఆయన ముఖం మారిపోతుంది. నేను ట్యూషన్లు చెప్పి, రెండు చిన్న షాపులకి వెబ్‌సైట్లు చేసి 40 వేలు కూడబెట్టాను. మమ్మీ చిట్టీ ఎత్తినప్పుడు 35 వేలు ఇచ్చింది. మొత్తం 75 వేలు. అందులో 68 వేలకి బండి వచ్చింది.

2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 2012 చివర్లో వచ్చిన ఈ మోడల్‌ని దూర ప్రయాణాల కోసమే తయారు చేశారు. 346 సీసీ ఇంజిన్, 20 లీటర్ల ట్యాంకు, ముందూ వెనకా డిస్కు బ్రేకులు. 2020లో దీని స్థానంలో మెటియోర్ వచ్చింది. నా బండి నంబరు ఏపీ 28తో మొదలవుతుంది, అంటే పాత రంగారెడ్డి జిల్లా. అది రోడ్డెక్కినప్పుడు తెలంగాణ రాష్ట్రమే లేదు. 2014 నుంచి కొత్త బండ్లకి టీఎస్ వచ్చింది, 2016లో మాది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా అయింది, 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ అయింది. ఈ మార్పులన్నీ ఆ ప్లేటు పక్కనుంచి వెళ్లిపోయాయి. అది చూసి నాకు భలే గర్వంగా ఉండేది. ప్లేటు మీద ఉన్న చరిత్ర తెలుసుకున్నాను గానీ, బండి చరిత్ర మాత్రం అడగలేదు.

అమ్మినాయన బాగానే మాట్లాడాడు. మీటరు 31 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది. "చూశావా, ఎంత స్మూత్‌గా ఉందో" అన్నాడు. నిజమే అనుకున్నాను. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ అయితేనే అది పరీక్ష అని నాకప్పుడు తెలీదు.

చూడాల్సినవి, నేను చూడనివి

కాబట్టి మీరు చూడండి. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే టీ తాగుతూ గంటసేపు కూర్చోండి, సిగ్గుపడొద్దు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడండి. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోతే ఫర్వాలేదు. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. మెకానిక్‌లు "బోరుకొచ్చింది" అనేది దాన్నే. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, అది కార్బ్యురేటర్ పని, చిన్న ఖర్చుతో పోతుంది.

తర్వాత టైరు. గీతలు ఉన్నాయో లేదో అందరూ చూస్తారు. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, వాటిని చూసేవాళ్లు తక్కువ. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1816 అని ఉంటే 2016లో 18వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగిన బండికి గీతలు కొత్తవాటిలా ఉంటాయి, లోపల రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. ఈ అంకె నేనేదో ఉదాహరణకి చెప్పలేదు. నా వెనక టైరు మీద ఉన్న అంకే అది.

కాగితాలు కూడా బండిలో భాగమే. ఆర్‌సీ మీద ఉన్న పేరు, అమ్మే మనిషి ఒక్కరేనా? బ్యాంకు లోను తీరిందా? తీరితే బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 ఉండాలి. పెండింగ్ చలాన్లు ఎన్ని ఉన్నాయో బండి నంబరు కొడితే ఫోన్లోనే తెలుస్తుంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. నా బండికి 2028లో ఆ గడువొస్తుంది. ధర మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. నేను వీటిలో సరిగ్గా చేసింది కాగితాల పని ఒక్కటే. అదీ డాడీ పక్కన ఉండి చేయించారు కాబట్టి.

నేను చేసిన ట్యూనింగ్

68 వేలు పోగా 7 వేలు మిగిలాయి. మరుసటి ఆదివారమే సిటీకి వెళ్లి 4,500కి ఒక ఫ్రీ ఫ్లో సైలెన్సర్, 1,800కి రెండు ఫాగ్ లైట్లు వేయించుకున్నాను. సైలెన్సర్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చితే "బండి ఓపెన్ అయిపోతుంది" అన్నాడు షాపతను, సెకండ్ హ్యాండ్‌ది ఒకటి పడేశాడు. జేబులో మూడొందలు మిగిలాయి. కొంపల్లి దాటి కండ్లకోయ వచ్చేదాకా ఆ సౌండ్ వింటూ హెల్మెట్ లోపల నవ్వుకుంటూ వచ్చాను. నిజం దాచడమెందుకు, ఆ రోజు చాలా సంతోషంగా ఉంది.

వారం తిరక్కముందే కష్టాలు మొదలు. రేస్ వదిలితే వెనక నుంచి ఫట్ ఫట్ మని పేలుళ్లు. 60 దాటితే బండి గుంజదు. మిస్సింగ్ కొడుతుంది. అదే షాపుకి వెళ్తే కార్బ్యురేటర్‌లో పెద్ద మెయిన్ జెట్ వేశాడు. పేలుళ్లు తగ్గాయి, మైలేజీ కూడా సగానికి పడిపోయింది. 60 దాటితే గుంజకపోవడం మాత్రం అలాగే ఉంది. నేనే వీడియోలు చూసి ఎయిర్ స్క్రూ తిప్పాను, ప్లగ్గులు మార్చాను. ఈ ఇంజిన్‌కి రెండు ప్లగ్గులు, ఖర్చూ రెండింతలు.

చివరికి మా ఇంటికి దగ్గర్లో ఉన్న మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్లగ్గులు విప్పి చేతిలో పెట్టాడు. మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. అంతా సరిగ్గా ఉంటే ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే నలుపు, గాలి ఎక్కువైతే తెలుపు. ఏమేం మార్చావని అడిగాడు. గర్వంగా లిస్టు చెప్పాను. విని అన్నాడు: "ఒక్కటి మార్చు, నడిపి జూడు. మళ్ల ఇంకోటి. అన్నీ ఒక్కపారే ఇప్పితే ఏది బాగైందో, ఏది ఖరాబైందో నీకెట్ల తెలుస్తది తమ్మీ?"

నేను కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని. ప్రోగ్రాంలో తప్పు దొరకనప్పుడు ఒకేసారి నాలుగు చోట్ల మార్చి రన్ చేయకూడదని మాకు మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లోనే చెప్తారు. నేను జూనియర్లకి కూడా చెప్పాను. బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో!

ఆయన ముందు కంపెనీ ఫిల్టర్ లాంటిది పెట్టాడు. తర్వాత పాత జెట్ వేశాడు. అప్పుడు కార్బ్యురేటర్ పై మూత విప్పి లోపలున్న పల్చటి రబ్బరు పొరని వెలుతురుకి ఎదురుగా పట్టాడు. సూది మొన అంత చిల్లు. దాన్ని డయాఫ్రం అంటారు. మనం రేస్ ఇచ్చినప్పుడు గాలి ఒత్తిడిలో వచ్చే తేడాకి ఆ పొర పైకి లేచి, తనతో పాటు స్లైడునీ సూదినీ లేపుతుంది. అప్పుడే ఇంజిన్‌కి పెట్రోలు, గాలి సరిపడా అందుతాయి. పొరకి చిల్లు పడితే స్లైడు సగం దాకా లేచి ఆగిపోతుంది. బండి 60 దగ్గర ఆగిపోతున్నది అందుకే. నేను కొన్నవాటిలో ఏ ఒక్కటీ ఆ జబ్బుకి మందు కాదు. పైగా అవన్నీ కలిసి జబ్బుని దాచిపెట్టాయి.

ఆ రోజే ఆయన ముందు బ్రేకు లివర్ రెండు సార్లు నొక్కి, "ఇది మెత్తగుంది. గిది ముందు జేపిచ్చుకో" అన్నాడు. డయాఫ్రంకే నా డబ్బులు అయిపోయాయి. వచ్చే నెల చూద్దాం అన్నా, అని వచ్చేశాను.

జులై సాయంత్రం

బండి ఇప్పుడు 60 దాటి గుంజుతోంది కదా, ఇక చూడాలి నా సంబరం. జులైలో ఒక శనివారం నేనూ నా క్లాస్‌మేట్ రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి దాకా వెళ్లి టీ తాగి తిరిగి వస్తున్నాం. శామీర్‌పేట దగ్గర పడేసరికి చీకటి, సన్నగా వాన. ముందు ఒక ట్రాక్టర్. ట్రాలీకి వెనక లైటు లేదు. ఆ తప్పు దానిదే, ఒప్పుకుంటాను. కానీ నా కొత్త ఫాగ్ లైట్ల వెలుగులో ఆ ట్రాలీ నాకు చాలా దూరం నుంచే స్పష్టంగా కనిపించింది. స్పీడు 50 కూడా లేదు. ఆగడానికి కావలసినంత చోటు ఉంది.

ముందు బ్రేకు నొక్కితే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది. భయంతో వెనక బ్రేకు తొక్కాను. తొమ్మిదేళ్ల టైరు తడి రోడ్డు మీద లాక్ అయి జారింది. బండి పక్కకి పడి మా ఇద్దరినీ ఈడ్చుకుంటూ ట్రాలీకి కాస్త ముందు ఆగింది. నాకు మోకాలు గీరుకుపోయింది. వాడు చెయ్యి ఆనించి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

వాడు పరీక్షలు రాయడానికి ఇబ్బంది పడ్డాడు. ల్యాబ్ రికార్డు నేను రాసిచ్చాను. వాళ్లమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. (ఈ వ్యాసం ముందు వాడికే చదివి వినిపించాను. "పేరు వద్దు, మిగతాది రాసుకో" అన్నాడు.)

బండిని ఆటో ట్రాలీలో వేసుకుని షెడ్డుకి తెచ్చాం. డాడీ వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని, ముందు బ్రేకు లివర్‌ని నెమ్మదిగా నొక్కి చూశారు. "ఇది చివరిసారి ఎప్పుడు చూపించావు?" అని అడిగారు. సైలెన్సర్ వేయించిన తారీఖు నాకు గుర్తుంది. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మెకానిక్ అన్న టైరు మీది అంకెలు చూపించి, నేను ఈ వ్యాసానికి పేరుగా పెట్టుకున్న మాట అన్నాడు: "ఉరుకుడుకేముంది తమ్మీ, ఇంజిన్ ఉంటే ఎట్లైనా ఉరుకుతది. ముందుగాల ఆగాలె."

వరస మార్చితే

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. కొత్త బండ్లకి కనీసం కొన్ని రక్షణలు ఉన్నాయి. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం లాక్ కాకుండా అది చూసుకుంటుంది. 2013 బండికి అది లేదు, ఇప్పుడు పెట్టించడం కూడా అయ్యే పని కాదు. అంటే పాత బండి కొన్నామంటే ఆ రక్షణ వదులుకున్నట్టే. దాని బదులు మంచి టైరూ మంచి బ్రేకూ ఉండాలి.

ఆ తర్వాత నాలుగు నెలల్లో నేను ఖర్చుపెట్టిన వరస ఇది. మొదట బ్రేకులు: ప్యాడ్లు, గొట్టాలు, ఫ్లూయిడ్. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బ్రేకులు వాడినా వాడకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. నా బండిలో అది కాఫీ రంగులో ఉంది. రెండోది రెండు టైర్లు. మూడోది చైన్ సెట్. చైన్ మధ్యలో వేలితో లేపితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, అంతకన్నా వదులైనా బిగువైనా తప్పే. నాలుగోది వైరింగ్. ఫాగ్ లైట్ల కోసం షాపతను వైర్లు కోసి టేపు చుట్టి వదిలేశాడు. వానలో షార్ట్ అయితే హెడ్‌లైటు కూడా ఆరిపోయేది. ఐదోది హ్యాండిల్ కోన్ సెట్, ముందు ఫోర్కు ఆయిల్. ఆరోది పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, నా బండిని దానికోసం తయారు చేయలేదు. పాత రబ్బరు గట్టిపడి పగులుతోందేమో చూసుకుంటూ ఉండాలి. చివరగా ఇంజిన్: ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, ఐడిల్.

అన్నీ కలిపి సుమారు 16 వేలు అయింది. పాత కంపెనీ సైలెన్సర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతికి పెట్టించాను. ఫ్రీ ఫ్లోని అమ్మితే 1,200 వచ్చాయి. అయితే అది ఇంకొకరి బండికి పోయింది. పాత ఇనుముకి వేసుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ మొత్తంలో కొత్తగా కలిపిందేమీ లేదు. అంతా బండి మొదట ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురావడమే. ట్యూనింగ్ అంటే నాకిప్పుడు అర్థమైంది ఇదే. వీణ ట్యూన్ చేసేవాళ్లు కొత్త తీగలు కలపరు కదా, ఉన్న తీగల్ని ఉండాల్సిన శ్రుతికి తెస్తారు.

"కానీ..." అనేవాళ్లకి

సౌండ్ లేకపోతే బుల్లెట్ ఏంటి అంటారు. సౌండ్ ఉంటే అవతలివాళ్లకి వినిపించి మనం క్షేమంగా ఉంటామనీ అంటారు. సైలెన్సర్ గొట్టం వెనక్కి చూస్తుంది. ఆ రోజు మా ప్రమాదం ముందు ఉంది. ట్రాక్టర్ డ్రైవర్‌కి తన ఇంజిన్ మోత తప్ప ఏమీ వినపడదు. వినిపించేది రాత్రి పదకొండుకి కాలనీలో నిద్రపోతున్న ముసలివాళ్లకీ, షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న మా డాడీ లాంటివాళ్లకీ. చట్టం సంగతి వేరే. అనుమతి లేకుండా బండిలో మార్పులు చేస్తే ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా ఉంది, శబ్ద కాలుష్యానికి మొదటిసారి 10 వేల దాకా వేయొచ్చు. మన పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించడం మీరూ చూసే ఉంటారు.

"మెకానిక్ ఉండగా మనకెందుకు ఇదంతా?" అనేది రెండో ప్రశ్న. అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో వచ్చిన తన మోటార్‌సైకిల్ పుస్తకంలో ఇదే మాట్లాడతాడు. ఆయన కంప్యూటర్ల మాన్యువళ్లు రాసే ఉద్యోగం చేసినవాడు. 1968లో కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని ఒక పాత 305 సీసీ హోండా మీద దేశం సగం దాటాడు. బండి ఎక్కడం ఇష్టమే గానీ దాన్ని విప్పి చూడటం ఇష్టం లేని స్నేహితుడొకడు ఆ పుస్తకంలో ఉంటాడు. చదువుతుంటే నన్నే చూసుకున్నట్టు అనిపించింది. మెకానిక్ మన బండిని ఆర్నెల్లకోసారి చూస్తాడు. మిగతా రోజులన్నీ చూసేది మనమే. లివర్ మెత్తబడటం, చైన్ చప్పుడు మారడం ముందు తెలియాల్సింది మనకే. అయితే ఇంకోటి కూడా చెప్పాలి. నాకు మెకానిక్ ముందే చెప్పాడు. తెలియక కాదు, తెలిసీ వాయిదా వేశాను.

మూడోది గట్టి ప్రశ్నే: పాత బండి కాలుష్యం కదా? అవును. ఎంత బాగా ట్యూన్ చేసినా 2013 బండి ఇప్పటి బీఎస్ 6 బండంత శుభ్రంగా ఉండదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాలేజీకి నేను బస్సులోనే వెళ్తున్నాను, బండి నెలకి రెండు మూడు సార్లే తీస్తాను, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పకుండా చేయిస్తాను. మసి కక్కే జెట్ తీసేయడం కూడా ఆ దారిలో ఒక చిన్న అడుగే అనుకుంటున్నాను.

డాడీ డైరీ

డాడీ దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఆయన 100 సీసీ బండి కొన్నప్పటి నుంచి, అంటే పద్నాలుగేళ్లుగా, ప్రతి సర్వీసూ అందులో రాశారు. తారీఖు, మీటరు రీడింగు, ఆయిలు, ఏం మార్చారు, ఎంత అయింది. చిన్నప్పుడు నేనూ చెల్లీ ఆ డైరీని చూసి నవ్వుకునేవాళ్లం. మనం కోడ్‌లో ప్రతి మార్పునీ రికార్డు చేసుకుంటాం, దాన్ని పెద్ద విద్యలా చెప్పుకుంటాం. ఆయన ఎవరూ చెప్పకుండానే బాల్‌పెన్నుతో అదే పని చేశారు. ఆ బండి ఈ రోజుకీ పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్ట్ అవుతుంది. మా ఇంట్లో ట్యూనింగ్ తెలిసిన మనిషి ఇన్నేళ్లుగా ఉన్నాడు. ఆయన బండికి సౌండ్ లేదు కాబట్టి నేను గమనించలేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇప్పుడు నేను మొదట అడిగేది అదే: "సర్వీసు ఎక్కడ చేయించారు, ఎక్కడైనా రాసుకున్నారా?" అలా రాసుకున్న మనిషి బండి మీద గీతలున్నా కొనొచ్చు. అద్దంలా మెరిసే ట్యాంకు కన్నా అది నయం.

నవంబరులో మొదటి టూర్ వెళ్లాం. లదాఖ్ కాదు. శామీర్‌పేట మీదుగా కొమురవెల్లి మల్లన్న దగ్గరికి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి మేడ్చల్ నుంచి సర్వీస్ రోడ్డు పట్టుకుని శామీర్‌పేట చేరి, అక్కడ రాజీవ్ రహదారి ఎక్కాం. వెనక కూర్చున్నది డాడీ. ఆ ట్రాక్టర్ చోటు దగ్గరికి రాగానే నాకు తెలియకుండానే స్పీడు తగ్గించాను. డాడీ ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేశారు. బండి చప్పుడు తక్కువ కావడంతో దారంతా మాట్లాడుకోగలిగాం. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్ మీద షిఫ్టుకి వెళ్లేవారని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగి వచ్చాక డాడీ ఆ డైరీలో కొత్త పేజీ తీసి పైన "ఏపీ 28" అని రాసి పెన్ను నా చేతికిచ్చారు. మొదటి లైన్లో బ్రేకుల సంగతి రాశాను. తెలుగులోనే.

మీ దగ్గర, మీ అన్న దగ్గర, హాస్టల్ ఫ్రెండ్ దగ్గర పాత బండి ఉంటే ఈ రోజు ఒక్క పని చేయండి. పార్కింగ్‌కి వెళ్లి టైరు మీద నాలుగు అంకెలు చదవండి. ముందు బ్రేకు లివర్ గట్టిగా నొక్కి చూడండి. ఐదు నిమిషాలు పట్టదు, రూపాయి ఖర్చు లేదు. బాగుంటే సంతోషం, లేకపోతే సైలెన్సర్ డబ్బులు దానికి పెట్టండి.

నా ఫ్రెండ్ చెయ్యి బాగైంది. కీబోర్డు మీద నాకన్నా స్పీడుగానే కొడుతున్నాడు. నా బండి మాత్రం ఇంకా ఎక్కలేదు. నేనూ అడగలేదు. వాడే అడిగే రోజు వచ్చేదాకా, ప్రతి ఆదివారం పొద్దున ఆ లివర్ నొక్కి చూస్తూ ఉంటాను.